ఆవకాయ రంగు ఎరలు

ప్లాస్టిక్ తినే చేపలుంటాయని నలభై రెండేళ్ళు వచ్చేదాకా వసంతకి తెలీదు. పాలకొల్లు పిల్ల, చేపల్ని చూస్తూ పెరిగింది. వానపాము గుచ్చితే వస్తాయి, పిండిముద్ద వేస్తే వస్తాయి, వల వేస్తే గతిలేక వస్తాయి. అంతేగానీ చమ్కీ కలిపిన రబ్బరు తోకని చూసి నోరు తెరుచుకుని వచ్చే చేపలేమిటి, సిగ్గులేకపోతే సరి! ఈ దేశంలో మనుషులు ఎలాగూ అర్థం కారు, చేపలూ అంతే కాబోలు అనుకుంది.

అయినా ఆ రబ్బరు తోకలంటే ఆవిడకి ఎంత భక్తో చెప్తే మీరు నవ్వుతారు. శనివారం పొద్దున్నే గరాజ్‌లోంచి కాగుతున్న ప్లాస్టిక్ వాసన వంటింట్లోకి వస్తే, ముక్కు మూసుకోవాల్సింది పోయి, పోపు వేస్తున్న చెయ్యి ఆపి మరీ పీల్చుకునేది. ఆ వాసన వస్తోందంటే అవతల మొగుడు బతికే ఉన్నాడన్నమాట. ఘాటుగా చెప్పినట్టున్నాను గానీ, సంగతి అదే. చుట్టు తిప్పి చెప్పడం నాకు చేతకాదు.

ఆ మొగుడి పేరు ఈశ్వరప్రసాద్. తెనాలివాడు. తొంభై ఎనిమిదిలో మెల్‌బోర్న్ వచ్చాడు. అప్పట్లో ప్రపంచమంతా ఒకటే గోల. రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీలు మర్చిపోతాయి, విమానాలు కూలిపోతాయి, బ్యాంకులు మునిగిపోతాయి అని. పాతకాలపు కోబాల్ భాష తెలిసినవాళ్ళ కోసం కంపెనీలు దీపం పెట్టి వెతికాయి. ఇతనికి కోబాల్ తప్ప వేరే ధ్యాసే లేదు. ఒక పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ తీసుకుంది. రెండేళ్ళపాటు లక్షల లైన్ల ప్రోగ్రాముల్లో సంవత్సరం రెండంకెల్లో ఎక్కడ రాశారో వెతికి, నాలుగంకెలు చేస్తూ కూర్చున్నాడు. బియ్యంలో రాళ్ళేరే పని అది. ఆదివారాలు లేవు, పండగలు లేవు. పిల్లలు లేరు కనక ఇంటి దగ్గర ఎదురుచూసేది వసంత ఒక్కతే.

తీరా ఆ రోజు వచ్చింది. ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూడడమే కదండీ వాళ్ళ పని! కానీ ఏమీ జరగకపోయేసరికి, అసలు ఇంతమంది ఎందుకు, ఇంత హడావిడి ఎందుకు చేశారు అన్నారు. మార్చి నెలలో కేకు కోసి, చెయ్యి కలిపి పంపించేశారు. నలభై ఏడేళ్ళ మనిషి. ఎక్కడికెళ్ళినా జావా వచ్చా అని అడిగేవాళ్ళే. నేర్చుకుని వెళ్తే, నేర్చుకున్నది సరే, చేసిన అనుభవం ఉందా అనేవాళ్ళు. వసంత క్లైడ్ నార్త్‌లో ఒక కూరగాయల షెడ్డులో చేరింది. అప్పుడక్కడ ఇళ్ళెక్కడివి, అన్నీ ఆవులూ ఆకుకూరలే. పొద్దున్న ఆరింటికి చేతికి తొడుగులేసుకుని సెలరీ మొదళ్ళు కోస్తే మూడింటికి ఇంటికి రావడం. వచ్చేసరికి ఈశ్వరప్రసాద్ పొద్దున ఎక్కడ కూర్చున్నాడో అక్కడే ఉండేవాడు. ఎదురుగా పెట్టి వెళ్ళిన అన్నం అలాగే ఉండేది. ఏవండీ అంటే ఊఁ అనేవాడు. అంతకుమించి మాట లేదు.

అలా ఏడాది గడిచింది. రెండు వేల ఒకటి ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం ఇంటి ముందు పాత యూట్ ఆగింది, వెనక తొట్టి ఉండే బండి. అందులోంచి వసంత ఎన్నడూ చూడని ఒక ముసలి తెల్లాయన దిగాడు. ఆ పక్కనుంచి ఈశ్వరప్రసాద్ దిగాడు. అతని చేతిలో ఒక చేప! ప్లాస్టిక్ సంచీలో పెట్టి పట్టుకుని, గుమ్మంలో నిలబడి, "ఫ్లాట్‌హెడ్ అంటారట దీన్ని" అన్నాడు. ఏడాది తర్వాత అతను తనంతట తాను చెప్పిన మొదటి మాట అది. చేప తీసుకుని లోపలికెళ్ళాడు. తెల్లాయన మాత్రం కదల్లేదు. పేరు కెన్ అని చెప్పుకున్నాడు. రెండు వీధులవతల ఉంటాడట.

వసంత ఇంగ్లీషు షెడ్డులో నేర్చుకున్నదే గానీ, ఆయన చెప్పింది మాత్రం ఒక్క ముక్క పోకుండా అర్థమైంది. తూరాడిన్ అని దగ్గర్లో సముద్రపు ఒడ్డు ఊరు, అక్కడి జెట్టీ మీద కెన్ గాలం వేసి చేపలు పడుతున్నాడు. ఈశ్వరప్రసాద్ రెయిలింగ్‌కి అవతలి పక్కన నిలబడి నీళ్ళలోకి చూస్తున్నాడు. అవతలి పక్కన నిలబడాల్సిన పని ఎవరికీ ఉండదు. కెన్ అరవలేదు, పరిగెత్తలేదు. "మేట్, ఈ రాడ్ ఒక్క నిమిషం పట్టుకుంటావా, నేను టీ పోసుకోవాలి" అని అందించాడట. ఈయన రెండు చేతులతోనూ పట్టుకున్నాడు. తర్వాత రెయిలింగ్ దాటి ఇవతలికి వచ్చాడు, ఎందుకంటే అప్పటికి చేప పడింది.

వసంత ఆ మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. మాత్రలిచ్చారు, ఫైల్లో రాసుకున్నారు. ఆ రోజు నుంచీ ఆవిడకి ఒకటే పని, ఒకటే కోరిక. ఉద్యోగం రాకపోతే పోనీ, నలుగురూ నవ్వితే నవ్వనీ, ఈ మనిషి బతికుండాలి. అంతే. దేవుడికి కూడా వేరే ఏమీ చెప్పుకోలేదు.

కెన్ ఎరలు తనే తయారుచేసుకుంటాడు. చిరిగిపోయిన పాత ఎరల్నీ, డబ్బాల్లో వచ్చే ద్రవం ప్లాస్టిక్‌నీ కలిపి కాచి, చమ్కీ కలిపి, ప్లాస్టర్ అచ్చుల్లో పోస్తాడు. రెండు వారాలు ఈశ్వరప్రసాద్ పక్కన కూర్చుని చూశాడు. మూడో వారం తన గరాజ్‌లో కరెంటు పొయ్యి పెట్టాడు. నెలయ్యేసరికి కెన్‌కే పాఠాలు చెప్పడం మొదలెట్టాడు.

అబ్బో, ఆ సంబరం చూసి తీరాలి. ప్లాస్టిక్ ముందు పాలలా తెల్లగా ఉంటుంది. వేడెక్కేకొద్దీ ముద్దకడుతుంది. ఇంకా కాగితే, ఒక్కసారిగా తేటపడి నూనెలా జారుతుంది. అప్పుడు రంగు చుక్క. దాన్ని ముందే చమ్కీ వేసి ఉంచిన చిన్న గిన్నెలోకి వంపుకుని, కలిపి, వెంటనే అచ్చులో పోయాలి. వేడి ఎక్కువైతే చమ్కీ అడుక్కి దిగిపోతుంది, తక్కువైతే పైనే చిక్కుకుంటుంది. ఎరకి అటు చివర నుంచి ఇటు చివరదాకా సమానంగా పరుచుకుంటేనే నీళ్ళలో తోక ఊపినప్పుడు చేపపొలుసులా మెరుస్తుంది. ఈశ్వరప్రసాద్ నోట్‌బుక్ పెట్టాడు. ఎన్ని డిగ్రీలు, ఎన్ని చెంచాలు, చమ్కీ రేకు సన్నమా ముతకా, బంగారమా వెండా, అన్నీ గీతలు గీసి రాశాడు. ఇన్సూరెన్స్ కంపెనీలో రాసినట్టే రాశాడు.

మొదట్లో చమ్కీ ఇచ్చింది వసంతే. వినాయక చవితి అలంకారానికని తెనాలి నుంచి తెచ్చుకున్న ఎర్ర చమ్కీ ప్యాకెట్టు ఒకటి పెట్టెలో ఉంటే, ఇదుగోనండీ అని తెచ్చి ఇచ్చింది. కాగిన ప్లాస్టిక్‌లో పడగానే దాని రంగు కాస్తా కరిగి, మురిక్కాలవలా అయింది. ఈశ్వరప్రసాద్ గిన్నెలోకి చూసి, పెళ్ళాం మొహంలోకి చూసి, పకపకా నవ్వాడు. "నీ చమ్కీ దేవుడికి పనికొస్తుందే గానీ చేపలకి పనికిరాదే" అన్నాడు. వసంత ఉక్రోషం నటించి వంటింట్లోకి వచ్చి, సింకు దగ్గర నిలబడి ఏడ్చింది. నవ్వాడు కదా మరి!

వేడికి తట్టుకునే చమ్కీ తర్వాత కెన్ తెచ్చిచ్చాడు. నారింజ కలిసిన ఎరుపులో ముతక బంగారు రేకు, కాస్త నల్ల రేకు కలిపి ఈశ్వరప్రసాద్ ఒక రంగు పట్టాడు. ఆవకాయ అని పేరు పెట్టాడు. తూరాడిన్ బురదనీళ్ళలో ఫ్లాట్‌హెడ్‌లు దానికోసం పడి చచ్చేవి. కెన్‌కి నోరు తిరగక "అవ్వకాయ్, అవ్వకాయ్" అనేవాడు. వసంత శనివారాలు గరాజ్‌లోనే ఒక స్టూలు మీద కూర్చుని, అచ్చులోంచి తీసిన ఎరల అంచులు కత్తెరతో సవరించేది. పైకి మాత్రం, "ప్లాస్టిక్‌కి ఇన్ని సోకులా! నాకు చీరకి ఫాల్ కుట్టించమంటే ఏడాది పట్టింది" అని సాధించేది.

గరాజ్‌లో రూల్సున్నాయి. అక్కడి గిన్నె వంటింట్లోకి రాకూడదు, అది విషం. పొయ్యి వెలిగినప్పుడు షట్టరు ఎత్తే ఉంచాలి. తడి దగ్గరికి రాకూడదు. కాగిన ప్లాస్టిక్‌లో చుక్క నీళ్ళు పడితే పేలుతుంది. ఈ చివరిది వసంతకి ఎవరూ చెప్పక్కర్లేదు. గారెల మూకుట్లో తడి చెయ్యి విదిల్చితే ఏమవుతుందో తెలిసిన మనిషే.

ఆగస్టులో ఒక శనివారం. ఆగస్టంటే అక్కడ చలికాలం, చలి చలిగా ఉంది. పదింటికి ఫోన్ మోగింది. వాసుదేవరావు. ఇన్సూరెన్స్ కంపెనీలో ఈశ్వరప్రసాద్ పక్క సీట్లో పనిచేసినవాడు. ఇంకో టీములోకి మారి అక్కడే ఉండిపోయాడు. వసంతకి ఇవతలి మాటలే వినిపించాయి.

"అలాగా... ఎప్పుడు? ... మొత్తమా? ... ఒక్కటీ ఉంచలేదా? ... అలాగా."

ఫోన్ పెట్టేసి అతనే చెప్పాడు. "మొన్న వీకెండ్ పాత సిస్టమ్ తీసేశారట వసంతా. కొత్త ప్యాకేజీ వచ్చింది. మేం దిద్దిన ప్రోగ్రాములన్నీ డిలీట్ చేసేశారట. ఏడాదిన్నరే వాడారు."

"పోన్లెద్దురూ. మీకేం పోయింది? చేసినన్నాళ్ళూ జీతం ఇచ్చారుగా."

"అవునవును" అని నవ్వాడు.

నవ్వాడు కదా అని వసంత సంతోషించింది. నిజంగానే సంతోషించింది, వెర్రిది. ఆర్నెల్ల కిందటైతే ఈ మాటకి వారం రోజులు మంచం దిగేవాడు కాడు. ఇప్పుడు చూడు, నవ్వి ఊరుకున్నాడు, మనిషి బాగుపడ్డాడు అనుకుంది. అతను పొయ్యి వెలిగిస్తానని గరాజ్‌లోకి వెళ్ళాడు.

ఆ సంతోషంలోనే గిన్నె గుర్తొచ్చింది. గరాజ్‌లో అతను వాడే రేకు డబ్బాకి మూతి సరిగ్గా లేదు. పోసేటప్పుడు కారి, చమ్కీ సగం అచ్చు బయటే పోయేది, అతను చిరాకుపడేవాడు. గురువారం షెడ్డు నుంచి వస్తూ చర్చి పక్కన పాతసామాన్ల కొట్లో చిన్న స్టీలు జగ్గు చూసింది. కాఫీలో పాలు పోసుకునేది. సన్నటి ముక్కు, చక్కటి పిడి. యాభై సెంట్లు. కొనేసింది. శనివారం ఇద్దామని బీరువాలో దాచింది. ఎవరింట్లో ఏం వాడారో ఏమో అని అదే రోజు రెండుసార్లు సబ్బుతో కడిగి, గుడ్డతో తుడిచి మరీ దాచింది.

ఇప్పుడు దాన్ని తీసింది. సింకు పక్కనుంచే నడవాలి. చెయ్యి కుళాయి తిప్పింది, జగ్గులో కాసిన్ని నీళ్ళు పట్టింది, గిరగిరా తిప్పి పారబోసింది, రెండుసార్లు విదిల్చింది. వసంతే కాదు, మనింటి ఆడది ఎవరైనా అంతే. ఎంత శుభ్రంగా ఉన్న గిన్నైనా, బీరువాలోంచి తీస్తే ఒకసారి నీళ్ళు తిప్పకుండా చేతికివ్వదు. వాళ్ళమ్మ చేసింది, వాళ్ళమ్మమ్మ చేసింది. అందులో ఆలోచన అంటూ ఏమీ ఉండదు.

"ఇదుగోనండీ, మీ ఆవకాయకి కొత్త జాడీ" అని బల్లమీద పెట్టింది.

అతను జగ్గుని ఎత్తి ముక్కు చూశాడు. "బాగుందే. సరిగ్గా ఇలాంటిదే కావాలి" అన్నాడు.

"పప్పు పొయ్యి మీదుంది, వచ్చేస్తా" అని వసంత లోపలికొచ్చింది.

పప్పు దించింది. పోపు గింజలు అందుకుంది. అప్పుడు వినిపించింది గరాజ్‌లోంచి. ఢామ్మని పెద్ద చప్పుడేం కాదు. మూకుడంత నూనెలో చెంబెడు నీళ్ళు కుమ్మరించినట్టు ఒక్క క్షణం చిటపట. తర్వాత జగ్గు నేలమీద పడి దొర్లిన చప్పుడు. కేక మాత్రం లేదు. వసంత గింజలు వదిలేసి అటు పరిగెత్తింది.

తలుపు దగ్గరికి అతనే వచ్చాడు, గోడ తడుముకుంటూ. కుడిచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి ఎర్రగా ఏదో కారి, అక్కడికక్కడే గడ్డకడుతోంది. నెత్తురు కాదది. ఆవకాయ రంగు ప్లాస్టిక్. "వసంతా, నాకు కనపడట్లేదే" అన్నాడు. చాలా మామూలుగా అన్నాడు.

వసంత అతని తల కుళాయి కింద పెట్టి, ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కెన్‌కి ఫోన్ చేసింది. ఏం మాట్లాడిందో తనకే గుర్తులేదు. యూట్ వచ్చింది. ఆస్పత్రి దాకా కెన్ ఎక్కడా ఆపకుండా నడిపాడు. దార్లో వసంత మనసులో ఒకటే తిరుగుతోంది. కడిగావు. కడిగి ఇచ్చావు. తడి గిన్నె ఇచ్చావు. తూరాడిన్‌లో సముద్రం వదిలేసిన మనిషిని నువ్వు నీ చేతులతో కాల్చావు.

ఆస్పత్రిలో రెండు గంటలు పట్టింది. వేడి ప్లాస్టిక్ చర్మానికి అంటుకుని గడ్డకట్టింది. ఒక నర్సు కళ్ళకి భూతద్దం పెట్టుకుని, చిన్న పట్టకారుతో చమ్కీ రేకులు ఒక్కొక్కటే చెంపలోంచి తీసి స్టీలు పళ్ళెంలో వేస్తోంది. లైటు కింద అతని చెంప మెరుస్తోంది. వసంత చూడలేకపోయింది, చూడడం మానలేకపోయింది. కళ్ళజోడు వల్ల ఎడమకన్ను దక్కిందట. కుడికంటికి జోడు కిందనుంచి పడింది. ఆ చూపు రాదని చెప్పేశారు. రెండు కళ్ళకీ కట్టు కట్టి పైన వార్డులో పడుకోబెట్టారు.

మధ్యాహ్నం ఒక లేడీ డాక్టరు వచ్చింది. కళ్ళ డాక్టరు కాదు. చిన్నపిల్లలా ఉంది, పాపం, మాట కూడా మెత్తన. వసంతని వరండాలోకి పిలిచి కూర్చోబెట్టింది. చేతిలో ఫైలుంది. ఏప్రిల్ సంగతి అందులో ఉంది.

"మీరు తప్పుగా అనుకోవద్దు. అడగాల్సిన బాధ్యత నాది. ఇవాళ జరిగింది యాక్సిడెంటేనా?"

"అంటే?"

"యాక్సిడెంట్ అయితే బుధవారానికల్లా ఇంటికి పంపిస్తాం. మీకేమైనా అనుమానం ఉంటే మాత్రం వేరే వార్డులో ఉంచాలి. కొన్ని వారాలు. ఆయన ఒప్పుకోకపోయినా సరే ఉంచాల్సిరావచ్చు. మీరు రోజూ చూసే మనిషి కాబట్టి అడుగుతున్నా. నిదానంగా చెప్పండి, అరగంటలో వస్తా."

అనుమానమా! వసంతకి కోపం ముంచుకొచ్చింది. ఆయనకేం పాపం తెలుసు? గిన్నె కడిగింది నేను. ఆ మాట ఈ పిల్లకి చెప్పేస్తే అయిపోతుంది. చెప్పాలి కూడా. చెప్పకపోతే ఆయన తన చేతగానితనమే అనుకుంటాడు, ఈ పని కూడా చేతకాలేదు నాకు అనుకుంటాడు, మళ్ళీ ఆ రెయిలింగ్ దగ్గరికే పోతాడు. చెప్తే నన్ను అసహ్యించుకుంటాడు. అసహ్యించుకోనీ. ముందు ఆయనకి చెప్పి, తర్వాత డాక్టరుకి చెప్పాలి అనుకుని లోపలికెళ్ళింది.

కట్ల మధ్య ముక్కూ నోరూ మాత్రమే కనిపిస్తున్నాయి. చెయ్యి పట్టుకుంది.

"ఏవండీ. ఆ జగ్గు నేనే కడిగానండీ. గురువారం కడిగి తుడిచే పెట్టా. ఇవాళ ఇచ్చే ముందు మళ్ళీ నీళ్ళు తిప్పా. ఎందుకు తిప్పానో నాకే తెలీదు. నా చేతులు విరగ. మీ కన్ను నేనే తీశానండీ."

"తెలుసు" అన్నాడు అతను.

"ఏం తెలుసు?"

"తడిగా ఉందని. ముందు అందులో చమ్కీ వేశా. పొడి గిన్నెలో వేస్తే ఇసకలా జారాలి. ఇది ముద్దకట్టి గోడకి అంటుకుపోయింది. చూశా."

"చూసి?"

"చూసి పోశా."

వసంతకి ఏం విన్నదో అర్థం కావడానికి టైము పట్టింది. పక్క మంచం ముసలాయన టీవీలో ఫుటీ ఆట చూస్తున్నాడు. జనం అరుస్తున్నారు.

"ఎందుకండీ?"

"చచ్చిపోదామని కాదే." అతను పెదాలు తడుపుకున్నాడు. "పాత డబ్బా పక్కనే ఉంది. చెయ్యి చాపితే అందుతుంది. చాపబుద్ధి కాలేదు. ఏదైతే అదవుతుందిలే అనిపించింది. భయం కూడా వెయ్యలేదు వసంతా. అది చెప్దామనే... ఏమీ అనిపించలేదు. నీ తప్పేం లేదు. నువ్వు బాధపడకు."

నా తప్పేం లేదట! ఎంత తేలిగ్గా అనేశాడు. వసంతకి ఆ కట్లు పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. పొద్దుట్నుంచీ తన తప్పే, తన తప్పే అని గుండె బాదుకుంటోంది. ఇప్పుడు తెలిసింది, తన తప్పే అయ్యుంటే ఎంత బావుండేదో. ఒక కన్ను పోయినా మనిషి మిగిలినట్టు ఉండేది. నాలుగు నెలలు. ఆ వాసనలు, ఆ నోట్‌బుక్కు, ఆ నవ్వులు. శనివారం శనివారం స్టూలేసుకుని కాపలా కాసింది. ఆ కాపలా పక్కనే, చమ్కీ చెంచా చేతిలో పట్టుకునే, ఈ మనిషి రెయిలింగ్‌కి అవతలి పక్కనే ఉన్నాడన్నమాట. తనేమో జాడీ తెచ్చి మురిసిపోయింది.

అతని చెయ్యి వదల్లేదు. ఏమైనా అంటే ఏడుపు వస్తుంది, ఏడిస్తే ఆలోచన పోతుంది. ఆలోచించింది. ఇంటికి తీసుకెళ్తే పొద్దున్న అయిదున్నరకి తను షెడ్డుకెళ్ళాలి. మూడింటిదాకా ఆయన ఒక్కడు. ఒక కన్ను. గరాజ్‌లో పొయ్యి. తలుపుకి తాళం వేస్తే కత్తి ఉంది, కత్తి దాస్తే జెట్టీ ఉంది. ఎన్నని దాస్తుంది? ఇక్కడ ఉంచితే రాత్రీ పగలూ ఎవరో ఒకళ్ళు కనిపెట్టుకుని ఉంటారు. కానీ పిచ్చివాళ్ళ వార్డులో పెట్టించింది పెళ్ళామే అని ఆయనకి తెలుస్తుంది. నమ్మి చెప్పిన మాట తీసుకెళ్ళి డాక్టరు చేతిలో పెట్టిందని తెలుస్తుంది. ఇంక ఈ జన్మలో తనతో ఒక్క నిజం చెప్పడు.

డాక్టరు వచ్చింది. మంచం ఆ పక్కన నిలబడింది. బయటికి పిలుస్తుందేమోనని వసంత చూసింది, పిలవలేదు. "ఏమైనా మాట్లాడుకున్నారా?" అని అడిగింది.

అబద్ధం చెప్పడం ఎంత సులువో! "జగ్గు నేనే కడిగాను, డాక్టర్." అది అబద్ధం కూడా కాదు. సగం నిజం. ఆ నాలుగు మాటలూ అంటే బుధవారం ఇంటికి.

"యాక్సిడెంట్ కాదు" అంది వసంత, ఇంగ్లీషులో. "గిన్నె తడిగా ఉందని ఆయనకి తెలుసు. చూశారు. చూసి పోశారు. ఇప్పుడే నాతో చెప్పారు. ఈయన్ని ఇంటికి పంపించకండి, ప్లీజ్."

మంచం మీద మనిషి బిగుసుకున్నాడు. తల ఇటు తిప్పాడు, కట్లతోటే.

"వసంతా! ఏం చెప్తున్నావే? నేను ఊరికే అన్నా. నువ్వు ఏడుస్తున్నావని, నీ మనసు తేలికపడాలని అన్నా. అబద్ధం అది. నేను చూడనే లేదు. చెప్పు ఆవిడకి. అబద్ధమని చెప్పు!"

నిజమై ఉండకూడదా ఆ మాట అని ఒక్క క్షణం వసంత ప్రాణం లాగింది. పెళ్ళాం కోసం అబద్ధమాడే మనిషైతే పెళ్ళాం కోసం బతుకుతాడు కూడా. కానీ చమ్కీ ముద్దకడితే ఈయన చూడకపోవడమా? రేకు సన్నమో ముతకో గాలికి ఎగిరే తీరు చూసి చెప్పే మనిషి! ఇప్పుడు ఆడుతున్నదే అబద్ధం. ఇందాకటిదే నిజం.

"ఏమంటున్నారు?" అని అడిగింది డాక్టరు. తెలుగు ముక్క రాదు కదా పిల్లకి.

అతను ఇంగ్లీషులో అందుకోబోయాడు. ఇన్నేళ్ళు ఇంగ్లీషులో ఉద్యోగం చేసిన మనిషికి ఆ క్షణాన ఒక్క మాట దొరకలేదు. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ "వసంతా" అనే అన్నాడు.

"ఇంటికి వెళ్ళిపోతానంటున్నారు" అంది వసంత.

"అందరూ అలాగే అంటారు" అని డాక్టరు మెల్లగా చెప్పి, ఫైల్లో రాసుకుని, నర్సుని పిలవడానికి వెళ్ళింది.

ఈశ్వరప్రసాద్ తన చెయ్యి లాక్కున్నాడు. లాక్కుని దుప్పటి కింద పెట్టుకుని, మొహం గోడవైపు తిప్పేశాడు. "నువ్వు ఇంక రాకు" అన్నాడు. "నీ మొహం నాకు చూపించకు." అది ఏ కంటితో చూస్తాడో కూడా ఆలోచించుకోకుండా అన్నాడు. తర్వాత ఇంకా చాలా అన్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఎన్నడూ అనని మాటలు అన్నాడు. పక్క మంచం ముసలాయన టీవీ సౌండు పెంచుకున్నాడు.

వసంత కుర్చీ మంచం దగ్గరికి జరుపుకుని కూర్చుంది. తిట్టనీ అనుకుంది. తిట్టడానికైనా మనిషి ఉండాలిగా.